నేను నిటారుగానే ఉన్నాను

మేముండేది ఇంగ్లండులో, న్యూమార్కెట్ దగ్గర. ఇక్కడ గుర్రాలు రోడ్డు దాటడానికి వేరే చోట్లున్నాయి. అలాంటి చోట్ల సిగ్నల్ స్తంభానికి రెండు బొత్తాలుంటాయి. ఒకటి మనబోటి వాళ్ళకి, రెండోది గుర్రం మీద కూర్చున్న మనిషికి అందేటంత ఎత్తులో. 2003లో కొత్తగా వచ్చినప్పుడు ఆ పై బొత్తాం చూసి, ఈ దేశంలో మనుషులు మరీ ఇంత పొడుగా అని ఆశ్చర్యపోయాను. మా వారు ఇప్పటికీ ఆ మాట చెప్పి నవ్విస్తుంటారు.

పదిహేడో శతాబ్దంలో రెండో చార్లెస్ రాజు స్వయంగా పందెంలో స్వారీ చేసిన ఊరది. నాకు మాత్రం అప్పటిదాకా తెలిసిన గుర్రం తెనాలి స్టేషను బయట జట్కాకి కట్టి ఉండేదొక్కటే. అలాంటి నేను గుర్రపు స్వారీ చేసేవాళ్ళకి ఎలా కూర్చోవాలో చెప్పే స్థితికి వస్తానని ఎవరైనా అనుంటే నవ్వి ఊరుకునేదాన్ని.

నేను ఫిజియోథెరపిస్టుని. 2008లో నడుంనొప్పితో ఒకావిడ నా దగ్గరికి వచ్చింది. యాభై దాటిన మనిషి, పిల్లలకి స్వారీ నేర్పే టీచరు. శాస్త్రప్రకారం చేయవలసినవన్నీ చేశాను. ఆరు వారాల తర్వాత ఆవిడ మర్యాదగా ధన్యవాదాలు చెప్పి, "నొప్పి మాత్రం అలాగే ఉంది. మీరొకసారి నన్ను గుర్రం మీద చూస్తే బాగుంటుంది," అంది. ఆ ఆదివారం పొలాల మధ్యనున్న వాళ్ళ గుర్రపుశాలకి వెళ్ళాను. బురదలో దిగబడే చెప్పులేసుకుని వెళ్ళడం నా మొదటి తప్పు.

స్వారీ చేసే మనిషిని పక్కనుంచి చూస్తే చెవి, భుజం, తుంటి, మడమ ఒకే గీత మీదుండాలట. గుర్రాన్ని కింద నుంచి మాయం చేస్తే ఆ మనిషి పడిపోకుండా నేల మీద నిలబడాలి. వినడానికి తమాషాగా ఉన్నా, మేము ఆస్పత్రిలో చెప్పే సూత్రమే అది. ఆవిడని పక్కనుంచి చూస్తే అంతా బాగానే ఉంది. వెనకనుంచి చూద్దును కదా, నడుము కుడివైపు ముడుచుకుపోయి, బరువంతా ఎడమవైపు పడుతోంది.

మీరు కుర్చీలో కూర్చుని రెండు అరచేతులూ పిరుదుల కింద పెట్టుకుని చూడండి, రెండు గట్టి ఎముకలు తగులుతాయి. స్వారీ చేసేవాళ్ళు గుర్రంతో మాట్లాడేది సగం ఆ ఎముకలతోనే. ఒకదాని మీద బరువెక్కువైతే గుర్రం దాన్నొక ఆజ్ఞ అనుకుని అటు తిరుగుతుంది. ఆవిడ గుర్రం ఎప్పుడూ ఎడమకే లాగుతోందనీ, మొండిదనీ చెప్పింది. పాపం, అది చెప్పినమాట వింటోంది!

"మీరు ఎడమకి ఒరుగుతున్నారు, నిటారుగా కూర్చోండి," అన్నాను.

"నేను నిటారుగానే ఉన్నాను," అంది ఆవిడ.

ఆ మాటకి నా గుండె ఒక్కసారి ఝల్లుమంది. సరిగ్గా అదే మాట మూడు రోజుల క్రితం ఫోనులో విన్నాను. తెలుగులో, మా నాన్న గొంతులో.

ఆ ఏడాదే నాన్నకి పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట మాత్రం దక్కింది. కూర్చోబెడితే మంచి చేత్తో మంచం పట్టె పట్టుకుని తనని తాను ఎడమకి తోసుకుంటూ ఒరిగిపోయేవారు. అమ్మా తమ్ముడూ ఎన్నిసార్లు సరిచేసినా అంతే. తమ్ముడు ఫోను ఆయన చెవి దగ్గర పెడితే, నేను ఐదువేల మైళ్ళ దూరంనుంచి, "నాన్నా, నిటారుగా కూర్చోండి. ఎందుకలా మొండికేస్తారు?" అని కేకలేశాను. "నేను నిటారుగానే ఉన్నానమ్మా. మీ అందరికే వంకరగా కనబడుతున్నాను," అన్నారాయన. ఆ గొంతులో కోపం లేదు, భయం ఉంది. అది నాకు అప్పుడు వినబడలేదు.

పక్షవాతం వచ్చిన కొందరిలో ఒంటికి నిటారంటే ఏమిటో లెక్క తప్పుతుంది. పడిపోతున్నప్పుడు సరిగ్గా ఉన్నట్టు, సరిగ్గా కూర్చోబెడితే పడిపోతున్నట్టు అనిపిస్తుంది. అందుకే ప్రాణభయంతో ఎదురు తోస్తారు. ఇది పుస్తకంలో చదివాను, రోగుల బంధువులకి ఓపిగ్గా వివరించాను కూడా. నాన్న దగ్గరికి వచ్చేసరికి ఆ చదువంతా ఏమైందో తెలియదు, కేకలేసే కూతురు ఒక్కతే మిగిలింది.

టీచరు సంగతి వేరు. ఆవిడ మెదడుకి ఏ దెబ్బా లేదు, అలవాటైన వంకరే తిన్నగా అనిపిస్తోందంతే. కానీ ఇద్దరికీ ఆజ్ఞ పనిచెయ్యదన్నది ఒకటే. నిటారుగా ఉండమన్న కొద్దీ ఆవిడ బిగుసుకుపోయింది, గుర్రం తల పైకెత్తి చిరాకుపడింది.

"మీరొకసారి ఎక్కండి," అంది ఆవిడ దిగి. భయపడుతూనే ఎక్కాను. గుర్రం నాలుగడుగులు వేసేసరికి నా తుంటి ముందుకీ వెనక్కీ, పక్కలకీ, కొంచెం మెలికగా కదిలింది. అచ్చం మనం నడిచినప్పుడు కదిలినట్టే! నడవలేని పిల్లల్ని గుర్రమెక్కించి వైద్యం ఎందుకు చేస్తారో ఆ నాలుగడుగుల్లో తెలిసింది. డెన్మార్కుకి చెందిన లిస్ హార్టెల్ పోలియోతో మోకాళ్ళ కింద చచ్చుబడిన కాళ్ళతో 1952 హెల్సింకీ ఒలింపిక్సులో మగవాళ్ళతో పోటీపడి రజతం గెలిచిందని ఆవిడే చెప్పింది. ఎక్కాలన్నా దిగాలన్నా మరొకరి సాయం కావాలి, జీనులో కూర్చుంటే మాత్రం ఆవిడకి ఆవిడే సాటి.

"మీరు కుడికి ఒరిగారు," అంది టీచరు కిందనుంచి.

"లేదే, నేను నిటారుగానే..." అనబోయి ఆగిపోయాను. ఇద్దరం నవ్వుకున్నాం. నాకు మాత్రం నవ్వుతోబాటు కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి.

ఆ తర్వాత పద్ధతి మార్చాను. ఆవిడని గోడకెదురుగా నిలబెట్టి, మడమ లేవకుండా మోకాలు గోడకి తాకించమన్నాను. ఎడమ మోకాలు తాకింది. కుడిది తాకేలోపే మడమ లేచిపోయింది. ఇరవయ్యేళ్ళ క్రితం ఆ చీలమండ విరిగిందట. నొప్పి నడుంలో కాబట్టి ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. తప్పు నాదే. రికాబులో కుడి మడమ కిందికి దిగక, మోకాలు పైకి జారి, నడుము ముడుచుకుని, బరువు ఎడమకి పోయింది. రోగం చీలమండలో ఉంటే నేను ఆరు వారాలు నడుముకి వైద్యం చేశాను! చీలమండకి వ్యాయామాలు మొదలుపెట్టి, స్వారీ చేసేచోట పెద్ద అద్దంలో చూసుకుంటూ సరిచేసుకోమన్నాను. నిటారుగా ఉండమని ఒక్కసారి కూడా అనలేదు. "రెండు ఎముకల మీదా బరువెంతుందో చెప్పండి," అని అడిగేదాన్ని. నాలుగు నెలలకి నొప్పి చాలావరకు తగ్గింది. గుర్రం మొండితనం అంతకంటే ముందే తగ్గింది.

నేను సెలవు పెట్టి తెనాలి వెళ్ళాను. నాన్న పి.డబ్ల్యు.డి.లో ఓవర్సీరుగా చేసి రిటైరయ్యారు. జీవితమంతా గోడలు కట్టించిన మనిషి. ఇలాంటి రోగులకి ఒంటి లెక్క తప్పినా, కంటి లెక్క చాలావరకు నిలుస్తుంది. అందుకని మేస్త్రీలు గోడ తిన్నగా లేచిందో లేదో చూడటానికి దారానికి కట్టి వేలాడదీసే గుండొకటి తెప్పించి, ఆయన మంచానికెదురుగా దూలానికి కట్టాను. పక్కన అద్దం పెట్టాను.

"నాన్నా, గుండు తిన్నగా ఉందా?"

"గుండు అబద్ధం చెప్పదమ్మా."

"మరి అద్దంలో మీరు?"

చాలాసేపు చూశారు. "గోడ ఒరిగింది," అన్నారు మెల్లగా. ఆయన తనగురించి చెబుతున్నారని అర్థంకావడానికి నాకొక్క క్షణం పట్టింది. ఆ తర్వాత ఆయన్ని ఎవరమూ లాగలేదు, తొయ్యలేదు. కుడివైపు స్టూలు మీద కాఫీ గ్లాసు పెట్టేవాళ్ళం. దానికోసం చెయ్యి చాచినప్పుడు ఒళ్ళు తనంతట తనే కుడికి వచ్చేది. మూడో వారానికి, ఎవరూ పట్టుకోకుండా కాఫీ తాగడం పూర్తయ్యేదాకా కూర్చున్నారు. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి కొంగుతో కళ్ళొత్తుకుంది.

నాన్న మళ్ళీ నడవలేదు. మరో మూడేళ్ళు బతికారు. ఫోను చేసినప్పుడల్లా, "ఆ గుర్రాలావిడ ఎలా ఉందమ్మా?" అని అడిగేవారు. చూడని ఆ మనిషి ఆయనకి తోటి రోగి అయిపోయింది.

ఆ గుండు ఇప్పుడు న్యూమార్కెట్లో మా హాల్లో కిటికీ పక్కన వేలాడుతోంది. వచ్చినవాళ్ళు అలంకారం అనుకుంటారు. ఎవరిమీదైనా గొంతు పెంచబోయినప్పుడు మాత్రం, నా కళ్ళు వాటంతటవే దానివైపు తిరుగుతాయి.