కొత్త ఆట వచ్చిన రాత్రి

వీడియో గేమ్ అనగానే అది బడిపిల్లల వ్యవహారమని చాలామంది అభిప్రాయం. నాకు యాభై దాటాయి. రక్తపోటుకి రోజూ ఒక మాత్ర వేసుకుంటాను. అయినా, సీరియల్ నవల తరువాయి భాగం కోసం వారపత్రికకు ఎదురుచూసినట్టే కొత్త ఆటల కోసం ఎదురుచూస్తాను. ఇందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. ఎదురుచూడడానికి ఏదో ఒకటి ఉండడం మనసుకు మంచిదే. చిక్కంతా ఆట చేతికొచ్చిన రాత్రితోనే.

ప్రస్తుతం నా ఆశ మూడు ఆటల మీద. మొదటిది గ్రాండ్ థెఫ్ట్ ఆటో ఆరవ భాగం. అయిదవ భాగం 2013 సెప్టెంబరులో వచ్చింది. ఆరవదాని ట్రైలర్ 2023 డిసెంబరులో చూపించి, 2025లో ఆట వస్తుందన్నారు. తర్వాత 2026 మే 26 అన్నారు. 2025 నవంబరులో దాన్నీ మార్చి, 2026 నవంబరు 19 అని ప్రకటించారు. అమెరికాలోని మయామీని పోలిన వైస్ సిటీలో జేసన్, లూసియా అనే జంట కథ ఇది. నేరాల కథ కనుక పిల్లలకు తగినది కాదు. రెండవది ఎల్డర్ స్క్రోల్స్ ఆరవ భాగం. అయిదవదైన స్కైరిమ్ వచ్చింది 2011లో. దీని ప్రకటన 2018లో చేశారు. మూడవది విచర్ నాలుగవ భాగం. ఇంతకుముందు గెరాల్ట్ నాయకుడు, ఈసారి అతని పెంపుడు కూతురు సిరి నాయిక. ఇది 2026 ముగిసేలోగా రాదని కంపెనీవారే చెప్పారు.

ఇవేవీ ఒక్క రాత్రిలో ముగిసే ఆటలు కావు. పదుల గంటలు పడుతుంది. పదమూడేళ్ళు ఆగినవాళ్ళం, తెల్లవారేదాకా ఆగలేమా?

ఆగకపోతే ఏమవుతుంది? ముందు కళ్ళు. మామూలుగా నిమిషానికి సుమారు పదిహేనుసార్లు రెప్ప వేస్తాం. తెరను తదేకంగా చూస్తున్నప్పుడు అది బాగా తగ్గిపోతుంది. కన్నీటి పొర ఆరి, కళ్ళు మండుతాయి. ప్రతి 20 నిమిషాలకొకసారి 20 అడుగుల దూరంలో ఉన్న వస్తువును 20 సెకన్లు చూడండి. కిటికీలోంచి వీధి చివర చూసినా చాలు.

తర్వాత బొటనవేళ్ళు. 1990లో ఒక అమెరికన్ డాక్టరు వైద్యపత్రికకు ఒక ఉత్తరం రాశారు. ఒకావిడ అయిదు గంటలు ఆపకుండా నింటెండో ఆడితే, బొటనవేలిని కదిలించే స్నాయువు నొప్పెట్టింది. దానికాయన 'నింటెండినైటిస్' అని పేరు పెట్టారు. వేలు నొప్పెడితే అది ఆపమని చెప్పడమే. నొప్పిమాత్ర వేసుకుని ఆట సాగించకండి.

కాళ్ళ మాట మరువకూడదు. నడిచినప్పుడు పిక్కల కండరాలు రక్తాన్ని గుండెవైపు పైకి నెడతాయి. గంటల తరబడి కదలకపోతే ఆ పని మందగిస్తుంది. గంటకొకసారి లేచి, మంచినీళ్ళు తాగి, ఇల్లంతా ఒకసారి తిరగండి. మధుమేహం ఉన్నవారు భోజనం, మందులు వేళ తప్పనివ్వకండి. మూర్ఛ వచ్చిన చరిత్ర ఉన్నవారు, మిలమిల మెరిసే దృశ్యాల గురించి ముందే డాక్టరును అడగండి.

అన్నింటికన్న ముఖ్యం నిద్ర. పెద్దవారికి ఏడు గంటలైనా కావాలి. తెర వెలుతురు ఒకవైపు, ఆట ఉద్రేకం మరొకవైపు నిద్రను దూరం చేస్తాయి. పడుకోవడానికి గంట ముందే ఆట కట్టెయ్యండి. అలారం పెట్టుకోండి. నా పద్ధతి ఏమిటంటే, విడుదల రోజు సాయంత్రం రెండు గంటలు, అంతే. మర్నాడు సెలవు పెట్టి, పగటిపూట ఆడతాను.

ఇష్టం వేరు, వ్యసనం వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి నుంచి అమలులోకి తెచ్చిన జబ్బుల వర్గీకరణలో గేమింగ్ డిజార్డర్ కూడా ఉంది. దానికి లక్షణాలు మూడు: ఆటమీద అదుపు తప్పడం, మిగతా పనులన్నీ వెనక్కి పోవడం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం. ఇవి సాధారణంగా ఏడాదిపాటు కొనసాగి, చదువో, ఉద్యోగమో, సంసారమో దెబ్బతింటేనే జబ్బు అంటారు. ఇంట్లోవారు ఆట ముట్టిన ప్రతివాణ్ణీ రోగి అనవద్దు. ఆడేవారూ ఈ మూడు ప్రశ్నలను అప్పుడప్పుడు తమకు తామే వేసుకోవాలి.

ఎల్డర్ స్క్రోల్స్ వచ్చేనాటికి నాకెన్నేళ్ళు వస్తాయో చెప్పలేను. అప్పటికీ కళ్ళు, వేళ్ళు, గుండె నా మాట వినాలన్నదే నా కోరిక. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలన్నారు. ఈ ఆటల విషయంలో ఇంకో సౌకర్యం ఉంది. నిలబడితే పాలే తాగవచ్చు. అవి ఎక్కడికీ పోవు.