గాజు గోడ

ఇల్లు కట్టి చూడమన్నారు, పెళ్ళి చేసి చూడమన్నారు గానీ, వీధి గుమ్మం పక్కన ఏం పెట్టాలో ఇంటిల్లిపాదినీ ఒప్పించి చూడమని ఎవరూ అనలేదు!

మావారికి హాల్లోకి వెలుతురు కావాలి. అత్తగారికి వీధిన పోయేవాళ్ళ కళ్ళు లోపల పడకూడదు. నాది ఒకటే పట్టు. గుమ్మం పక్కన అద్దం వద్దు.

"అందరూ పెట్టించుకుంటున్నారుగా" అని నాలుక కరుచుకున్నారు మావారు.

పన్నెండేళ్ళ క్రితం మేం అద్దెకున్న ఇంట్లో గుమ్మం పక్కన నిలువెత్తు అద్దం ఉండేది. ఓ సాయంత్రం కాలింగ్ బెల్లు మోగగానే "నాన్నొచ్చారు!" అంటూ పరిగెత్తింది మా ఆరేళ్ళ పిల్ల. తలుపు మీద పడాల్సిన చెయ్యి అద్దం మీద పడింది. ముక్కలు కత్తుల్లా దిగాయి. తొమ్మిది కుట్లు. "పిల్లని అదుపులో పెట్టుకోవాలమ్మా" అన్నాడు ఇంటి యజమాని. నేనూ దాన్నే కేకలేశాను, "ఎందుకే అంత పరుగు?" అని.

మొన్న ఇంజనీరయిన మా మేనల్లుడితో ఈ సంగతి చెప్పాను. "అత్తయ్యా, అమెరికాలో తలుపు అంచుకి 2 అడుగుల లోపున్న గాజు, దాని కింది అంచు నేలకి 5 అడుగుల లోపుంటే, మామూలు గాజు వెయ్యనివ్వరు. పగిలినా చిన్న చిన్న ముక్కలుగా రాలే టఫెన్డ్ గాజో, మధ్యలో పొర పెట్టి అతికించిన గాజో వెయ్యాలి. మన జాతీయ భవన నిర్మాణ నియమావళిలోనూ 2016లో గాజుకి ఒక విభాగమే ఉంది" అన్నాడు.

అంటే పిల్లలు పరిగెత్తుతారనీ, తలుపనుకుని పక్కది తోస్తారనీ ఆ రూలు రాసినవాళ్ళకి తెలుసన్నమాట! కన్నతల్లిని, నాకు తట్టలేదు.

"వెలుతురు కావాలంటే గాజు ఇటుకలు కట్టించు" అన్నాడు వాడే. రెండు గాజు గిన్నెల్ని వేడిమీద మూతి మూతి కలిపి అతికించినట్టుంటుంది ఇటుక. లోపల బోలు. 19 సెంటీమీటర్ల పలక, 8 సెంటీమీటర్ల మందం. పద్ధతిగా కట్టిన గాజు ఇటుకల గోడకి ఆ అమెరికా రూలులో మినహాయింపు కూడా ఉంది. అలాగని ఇంటి బరువు మొయ్యదు. పైన లింటెల్ ఉండాలి, వరసల మధ్య ఊచలు వెయ్యాలి, పైనా పక్కలా కాస్త సందు వదిలి మెత్తటిది కూరాలి. మా మేస్త్రీ మామూలు ఇటుకల్లా బిగించేస్తే దగ్గరుండి విప్పించాను. కొత్త కోడలి సంగతీ అంతే కదండీ, ఊపిరాడకుండా బిగించి నెత్తిన బరువు పెడితే చిట్లదూ?

"గాజుతో గోడేమిటే, విడ్డూరం!" అన్న అత్తగారు ఇప్పుడక్కడే కుర్చీ వేయించుకున్నారు. వచ్చినవాళ్ళ నీడ తెలుస్తుంది, మొహం తెలీదు. ఆవిడకి అదే కాలక్షేపం.

గృహప్రవేశానికి హాస్టల్ నుంచి వచ్చిన మా అమ్మాయి ఆ గోడకి అరచెయ్యి ఆనించి, "చల్లగా ఉందమ్మా" అంది.

"ఆ రోజు నిన్ను ఊరికే కేకలేశానే. నీ తప్పేం లేదు" అన్నాను.

"కేకలేశావా? నువ్వు ఏడవడమే గుర్తుంది నాకు" అంది.