శ్రీశైలం మఠాల్లో ఒక పూట

మల్లన్న దర్శనం అయ్యాక జనమంతా ప్రసాదాల కౌంటరు వైపు తిరిగితే, నేను గుడికి పడమటి దారి పట్టాను. “బస్టాండు అటుపక్క సామీ, దారి తప్పినారేమో!” అన్నాడు కాపలా ఆయన. మఠాలు చూడ్డానికంటే కాస్త అనుమానంగానే వదిలాడు.

ఘంటా, భీమశంకర, విభూతి, రుద్రాక్ష, సారంగధర మఠాలను ఇక్కడ పంచమఠాలంటారు. శైవాచార్యులు, వాళ్ళ శిష్యులు మసలిన చోట్లు. ఒక బండ అంచున, రాయి చీల్చడానికి చీలలు దిగగొట్టిన గుంటలు పంటిగాట్లలా వరసగా ఉన్నాయి. పక్కనే మొన్నటి మరమ్మతులవాళ్ళు పెయింటుతో వేసిన నంబరు.

మఠమంటే నలుగురు సన్యాసులు జపం చేసుకునే చోటనుకుంటాం. 1261 నాటి మల్కాపురం శాసనం చూస్తే ఆ భ్రమ పోతుంది. గోళకీ అనే శైవ మఠ శాఖ గురువు విశ్వేశ్వర శివాచార్యుడికి రుద్రమదేవి మందడం ఊరు ఇచ్చింది (ఇప్పటి అమరావతి సచివాలయం పక్కదే ఆ మందడం). దాని రాబడిలో ఒక వంతు శివుడికి, ఒక వంతు మఠానికీ చదువుకునే పిల్లలకూ, మూడో వంతు ఆరోగ్యశాలకు, ప్రసూతిశాలకు, అన్నసత్రానికి. గోళకీ శాఖలు శ్రీశైలంలోనూ, కడప దగ్గర పుష్పగిరిలోనూ ఉండేవి. శ్రీశైలం మఠాధిపతి శాంతభిక్షావృత్తి అడిగితేనే శ్రీనాథుడు ‘శివరాత్రి మాహాత్మ్యం’ రాశాడు.

ఇంగ్లండులో ఎనిమిదో హెన్రీ 1536 నుంచి 1540 లోపు మఠాలు మూయించి, పైకప్పుల సీసం కూడా కరిగించుకున్నాడు. ఇక్కడ మఠాలు ఖాళీ కావడానికి అలాంటి హుకుం అవసరపడలేదు. గుడికి దేవుడుంటే చాలు, భక్తులు వస్తూనే ఉంటారు. మఠానికి గురువు తర్వాత శిష్యుడు కావాలి, ఆ శిష్యుడికి కూడు పెట్టే మాన్యం కావాలి. అందుకే నాకు గుడికన్నా మఠాల దగ్గరే పాతకాలం కనిపిస్తుంది. గుడిని ప్రతి తరమూ తన చేత్తో కొత్త చేసుకుంటూ వచ్చింది కదా.

ఘంటామఠం పునరుద్ధరణ పనుల్లో 2020, 2021 సంవత్సరాల్లో రాగి శాసనాలు, వెండి నాణేలు బయటపడ్డాయి. పేపర్లన్నీ ‘నిధి’ అని రాశాయి. శాసనాల సంగతి సరే, నన్ను ఆపింది నాణేలు. అవి బ్రిటిషు కాలానివి. అంటే దానాలిచ్చిన రాజులు పోయిన ఎంతోకాలానికి కూడా, ఈ రాళ్ళ మధ్య డబ్బు దాచుకుంటే భద్రమని నమ్మినవాళ్ళు ఎవరో ఇక్కడ ఉన్నారన్నమాట.