రంగు మారింది, 12 మారలేదు!

రంగు మారింది, అంకె మారలేదు! యాప్ నడుస్తూనే ఉంది, ఊదా పోయి ఆకుపచ్చ వచ్చింది, 12 మాత్రం 12గానే ఉంది! కుర్చీలోంచి లేచి నిలబడ్డా!

ఆగండి, మొదటినుంచీ చెప్తా.

మాది జైపూర్, సింగరేణి థర్మల్ కేంద్రం ఉన్న ఊరు. మా బాపు బొగ్గు బాయిలోకి దిగే మనిషి. 2025 దాకా ఉన్న గనుల చట్టం ప్రకారం భూగర్భంలో పనిచేసేవాళ్లకు ఏడాదిలో 190 హాజరులు నిండితేనే జీతంతో కూడిన సెలవులు ఉండేవి. ఉపరితలం మీద అయితే 240. ఆ అలవాటుతోనే మస్టర్ (హాజరు) పడిన ప్రతి రోజూ మా గోడ క్యాలెండర్ మీద బాపు పెన్ను గీత పడుతుంది. ఆ గీతలు లెక్కపెట్టే యాప్ చేద్దామని నా కోరిక. బాపుది ఆండ్రాయిడ్ ఫోను, ఇంట్లోది విండోస్ ల్యాప్‌టాప్. ఒకదానికి కాట్లిన్, ఇంకోదానికి సీ షార్ప్, రెండూ నేర్చుకోవాలనుకొని ఆరు నెలలు మొదలే పెట్టలేదు!

ఒక్కసారి రాస్తే రెండింట్లోనూ నడుస్తుందని నాకు తెలిస్తేగా!

అలా నడిపే పనిముట్టు పేరు ఫ్లట్టర్! గూగుల్ వాళ్లది, ఉచితం, రాసే భాష డార్ట్. 2018 డిసెంబర్‌లోనే 1.0 వచ్చిందట. 2022లో విండోస్‌కీ, మాక్, లినక్స్‌లకీ పూర్తిస్థాయిలో వచ్చేసిందట. ఇన్నేళ్లూ నేనెక్కడున్నానో!

దించుకుని, ‘ఫ్లట్టర్ డాక్టర్’ అని టైప్ చేస్తే నాడి పట్టి చూసినట్టు ఏది ఉందో, ఏది లేదో టిక్కులు పెట్టి చెప్పేసింది! విజువల్ స్టూడియోలో సీ ప్లస్ ప్లస్ భాగం లేదంది, పెట్టా. కొత్త ప్రాజెక్టు తెరిచా. నమూనా యాప్ ఒకటి దానంతటదే వచ్చింది. నడుమ ఒక అంకె, మూలన ప్లస్ గుర్తు. నొక్కితే అంకె పెరుగుతుంది. అరే, ఇది మా బాపు మస్టర్ల లెక్కే కదా!

12 సార్లు నొక్కా. కోడ్‌లో రంగు పేరు మార్చి సేవ్ చేశా. ఇందాక చెప్పింది అప్పుడే జరిగింది! హాట్ రీలోడ్ అంటారట దీన్ని. తర్వాత ఇంగ్లిష్ వాక్యం చెరిపేసి ‘మస్టర్లు’ అని రాశా. స కింద ట వత్తు, ర కింద ల వత్తు, ముత్యాల్లా కూర్చున్నాయి! మండలి ఫాంటును యాప్‌లోనే చేర్చా. తెర మీద ప్రతి చుక్కా ఫ్లట్టర్ తానే గీసుకుంటుంది కాబట్టి ఫోన్లోనూ ల్యాప్‌టాప్‌లోనూ అవే గుండ్రటి, నిండైన, చక్కటి అక్షరాలు!

ఇలాంటి మిగతా పనిముట్లూ తిరగేశా. ఎలక్ట్రాన్ యాప్ ప్రతిదీ క్రోమియం బ్రౌజర్‌ను మొత్తంగా వెంట మోస్తుంది, పైగా ఫోన్లకు రాదు. టౌరీ తేలిక, 2024లో వచ్చిన రెండో వెర్షన్ నుంచి ఫోన్లకూ పనిచేస్తుంది, కానీ లోపలి పనికి రస్ట్ భాష రావాలి. జావాస్క్రిప్ట్ చేయి తిరిగినవాళ్లకు రియాక్ట్ నేటివ్ దగ్గరి దారి, విండోస్ భాగం మాత్రం మైక్రోసాఫ్ట్ వాళ్లు విడిగా ఇస్తారు. సున్నా నుంచి మొదలుపెట్టే నాలాంటివాళ్లకు ఫ్లట్టరే! ఐఫోన్ యాప్ కావాలంటే మాత్రం మాక్ మెషీన్ ఉండాల్సిందే.

ఇక నా యాప్ మూసి తెరిస్తే అంకె సున్నాకు పోయింది. షేర్డ్ ప్రిఫరెన్సెస్ అనే చిన్న ప్యాకేజీ చేర్చా, రెండింట్లోనూ మళ్లీ 12 సార్లు నొక్కా, నిలబడింది! నెట్ లేకపోయినా నిలబడింది!

సెకండ్ షిఫ్ట్ చేసి వచ్చిన బాపు ముందు ఫోనూ ల్యాప్‌టాపూ పక్కపక్కన పెట్టా. రెండింటినీ మార్చి మార్చి చూసి, "గిండ్ల గూడ గదే ఉందేంది బిడ్డా!" అన్నాడు. ఫోన్లో ప్లస్ నొక్కాడు. 13!

మీరూ చూడండి! ఈ రాత్రే ఫ్లట్టర్ దించుకోండి, ఆ నమూనా యాప్ తెరవండి, ప్లస్ నాలుగుసార్లు నొక్కి, రంగు మార్చి సేవ్ చేయండి. ఆ నాలుగు నాలుగుగానే ఉంటుంది!