రింగులో పడిపోయేవాళ్లు

తెలుగు సినిమాల్లో ‘తమ్ముడు’ (1999), ‘అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి’ (2003) కిక్‌బాక్సింగ్ నేపథ్యంగా, ‘గురు’ (2017), ‘గని’ (2022) బాక్సింగ్ నేపథ్యంగా వచ్చాయి. వీటిలో చిన్న వేషాలు ప్రధానంగా ఓడే ప్రత్యర్థి, రింగు మూలన తువ్వాలు పట్టే సహాయకుడు, రిఫరీ, గ్యాలరీ జనం.

ఈ వేషాలు వేసే జూనియర్ ఆర్టిస్టులు ఎక్కువగా హైదరాబాద్‌లోని కృష్ణానగర్ చుట్టుపక్కల ఉంటారు. 1996లో మొదలైన రామోజీ ఫిలింసిటీ నగరానికి అవతలి కొసన ఉంది. అక్కడ షూటింగ్ ఉంటే దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ మీదుగా విజయవాడ రహదారి పట్టడం మామూలే.

ఇక వాళ్ల పని విషయానికొస్తే, తెరపై గుద్దు సాధారణంగా తగలదు. కెమెరా కోణం ఆ ఖాళీని దాస్తుంది. దెబ్బ తినేవాడు అదే క్షణంలో తల విదిలించి కూలాలి. ఆలస్యమైతే మరో టేకు. హీరో పిడికిలికి బలం ఇచ్చేది పడిపోయేవాడి నేర్పే.