లారీకి ఆదేశసంధి

వ్యాకరణం చదువుకున్నవాళ్ళకు ఆగమమూ, ఆదేశమూ అని రెండు మాటలు తెలిసే ఉంటాయి. ఉన్నదాన్ని కదపకుండా పక్కన వచ్చి చేరే అక్షరం ఆగమం. ఉన్నదాన్ని వెళ్ళగొట్టి ఆ చోట తాను కూర్చునేది ఆదేశం. మొదటిది స్నేహితుడిలా వస్తుందనీ, రెండోది శత్రువులా వస్తుందనీ పూర్వులు పోలిక చెప్పారు. ఇరవై ఏళ్ళుగా ఈ పోలికను క్లాసులో చెబుతూనే ఉన్నాను. పిల్లలు రాసుకుంటారు, పరీక్షలో రాస్తారు, హాలు దాటగానే మరిచిపోతారు. దీనికి ఇంత కండగల ఉదాహరణ మా ఇంటి దొడ్లోనే దొరుకుతుందని మాత్రం ఎవరనుకున్నారు?

మాది గుణదల. ఇంటి వెనక వేపచెట్టు, దాని కింద ఒక లారీ. ముందుకు పొడుచుకు వచ్చిన బానెట్టు, రెండు గుండ్రటి దీపాలు, మధ్యన మూడు కాళ్ళ నక్షత్రం. 1962 నాటి టాటా మెర్సిడెస్ బెంజ్. ఈ జంట పేరు వెనక కథ ఉంది. 1954లో టెల్కో వారు జర్మనీలోని డైమ్లర్ బెంజ్ వారితో ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూరులో లారీలు తయారు చెయ్యడం మొదలుపెట్టారు. పదిహేనేళ్ళ ఒప్పందం 1969లో ముగిసింది. అప్పట్నించి నక్షత్రం పోయి ఆ చోట 'టి' అక్షరం వచ్చింది. అదీ ఒక ఆదేశమే లెండి.

మా నాన్నగారు ఆ లారీని 1971లో సెకండ్ హ్యాండులో కొన్నారు. అంతకు ముందు ఆయన క్లీనరు, ఆ తరవాత డ్రైవరు. ఓనరు కావడం అదే మొదలు, అదే ఆఖరు. మమ్మల్ని ముగ్గుర్నీ చదివించింది ఆ లారీ. చెల్లాయి పెళ్ళి చేసింది ఆ లారీ. నా ఎమ్.ఏ. పట్టాలో సగం డీజిలు వాసనే.

అన్నిటికీ మించి, 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడిందే, ఆ తరవాత కొద్దిరోజులకు బియ్యం బస్తాలూ దుప్పట్లూ వేసుకుని నాన్నగారు చల్లపల్లి, మోపిదేవి దాటి అవనిగడ్డ వైపు వెళ్ళారు. ఆ దారిలో చూసినవేవీ ఆయన ఇంట్లో చెప్పలేదు. ఒక్క ఇంజను సంగతే చెప్పేవారు. చక్రాలు మునిగేటంత నీళ్ళలో కూడా అది ఆగలేదట. పెట్రోలు బండి అయితే నిప్పురవ్వ పుట్టించే తీగెలు తడిసి టక్కున ఆగిపోతుంది. డీజిలు ఇంజనుకు ఆ రవ్వతో పని లేదు. గాలిని గట్టిగా అదిమితే పుట్టే వేడికే డీజిలు అంటుకుంటుంది. గాలి పీల్చే గొట్టంలోకి నీళ్ళు పోనంతవరకూ దానికి భయం లేదు. "ఆ రోజు అది ఆగితే నేనేం చేసేవాణ్ణో" అని అక్కడికి మాట ఆపేసేవారు. ఆయన ఆపినచోట మేమూ అడిగేవాళ్ళం కాదు.

2004లో లారీ వేపచెట్టు కిందికి చేరింది. కోళ్ళు కాపురం పెట్టాయి. బ్లాకు రెండు సిలిండర్ల మధ్య చిట్లింది. అంతకు ముందే ఒకసారి అతుకు పెట్టించిన చోటది. మళ్ళీ అతకడానికి ఎవరూ ఒప్పుకోలేదు.

నిరుడు మా అన్నయ్యకు బుద్ధి పుట్టింది. నున్న రోడ్డులో వాడికి సిమెంటు ఇటుకల యార్డు ఉంది. అద్దె లారీలకు పోసే డబ్బు మన లారీకే పోద్దామన్నాడు. వదిన గాజులు తాకట్టుకు వెళ్ళాయి. మామిడికాయల రోజులు దాటకుండా విడిపించాలని వదిన షరతు. నున్న మామిడి మార్కెట్టు జోరుమీద ఉన్నప్పుడు లారీకి పని వెతుక్కోనక్కర్లేదు కనక షరతు న్యాయమైనదే.

బెజవాడలో ఇలాంటి పనికి ఆటోనగరు కన్నా వేరే చోటు లేదు. 1966లో వెలసిన పేట అది. అక్కడ లారీని నట్టు నట్టుగా విప్పేవాళ్ళూ ఉన్నారు, నట్టు నట్టుగా కట్టేవాళ్ళూ ఉన్నారు. పాత ఇంజను ఓ.ఎం. 312, ఆరు సిలిండర్లు, నాలుగున్నర లీటర్ల పైచిలుకు. దాని చోట అన్నయ్య తెచ్చింది, విప్పేసిన ఇంకో లారీలోని టాటా 697. ఆ అంకెలో గుట్టుంది: ఆరు సిలిండర్లు, ఒక్కొక్కదాని బోరు 97 మిల్లీమీటర్లు. దానికి పెద్దన్న పేరు 692. అర్థం మీరే చెప్పగలరు. పాతదాని కన్నా ఇది లీటరు పైచిలుకు పెద్దది. బోరు చేయించి, పిస్టన్లూ రింగులూ కొత్తవి వేయించి, చాసిస్ మీద మౌంటింగులు మార్చి, పెద్ద రేడియేటరు పెట్టి, ప్రొపెల్లర్ షాఫ్టు కోసి అతికి, ఆర్.సి.లో ఇంజను నంబరు మార్పించేసరికి సంక్రాంతి వెళ్ళింది.

నాన్నగారికి ఎనభై రెండేళ్ళు. ఒక్కటే మాటన్నారు: "ఇంజను పోయాక అది నా లారీ కాదురా. మీ ఇష్టం." ఆ తరవాత వరండాలో మంచం దిగి దొడ్లోకి రాలేదు. శత్రువులా రావడమంటే ఏమిటో నాకప్పుడు కళ్ళకు కట్టింది.

ఇంజను బిగించడంతో పని అయిపోయిందని లోకులనుకుంటారు. అసలు పని అక్కణ్ణించి మొదలు. డీజిలు గొట్టాల్లో చిక్కిన గాలిని హ్యాండు పంపు కొట్టి వదిలించి స్టార్టు చేశారు. వీధంతా తెల్లపొగ. మా అమ్మ హారతి ఇచ్చి, "బాలింత లాంటిదిరా, కొన్నాళ్ళు కదపకండి. ఇంట్లోనే మెల్లగా ఆడనివ్వండి" అంది. మెకానిక్కు నవ్వాడు. "అమ్మా, ఊరికే ఆడిస్తేనే పాడైపోద్ది. దీనికి పథ్యం కాదు, పని కావాల."

అతను చెప్పిన లెక్క ఇది. సిలిండరు లోపలి గోడ అద్దంలా ఉండకూడదు. హోనింగు చేసినప్పుడు దానిమీద చాప అల్లికలా ఏటవాలు గీతలు పడతాయి. ఆ గీతల్లో ఆయిలు నిలుస్తుంది, వాటి కొనల్ని అరగదీసుకుంటూ రింగులు గోడకు ఒదగాలి. రింగును గోడకేసి నొక్కేది దాని సొంత బిగువు కొంతే. మండిన వాయువు రింగు వెనక్కి దూరి నెట్టే బలమే ఎక్కువ. బరువు లాగని ఇంజనులో ఆ నెట్టుడు చాలదు. రింగు ఒదగకముందే గోడమీద ఆయిలు కాలి వార్నీషులా పట్టేస్తుంది. ఆ పైన ఎన్నివేల కిలోమీటర్లు తిప్పినా నీలిపొగే. ఆయిలు తాగుడు మానదు. మళ్ళీ విప్పాల్సిందే. అలాగని మొదటి రోజే నిండా లోడు వేసి అదరగొడితే వేడెక్కి పిస్టను పట్టేస్తుంది. రెంటికీ మధ్య నడవాలి. ముచ్చట చెయ్యకూడదు, చావగొట్టకూడదు.

ఒకప్పుడు కొత్త కార్ల వెనకద్దం మీద 'రన్నింగ్ ఇన్' అని చీటీ అంటించేవారు. మేం మెల్లగా పోతాం, మీరు దాటిపోండి అని. మా లారీకి అలాంటి బోర్డు తెలుగులో రాయించమని అన్నయ్య నా మీద పెట్టాడు. 'ఇంజను సంస్కారం జరుగుచున్నది' అని నేను కాగితం మీద రాస్తుంటే వరండాలోంచి నాన్నగారి గొంతు వినబడింది.

"మప్పడం అనరా. కోడెకి కాడి మప్పమా? ముందు వట్టి బండి, తరవాత సగం బరువు, పక్కన పాత ఎద్దు."

నెల రోజుల్లో ఆయన లారీ గురించి అన్న మొదటి మాట అది. 'మప్పుతున్నాం – దాటి వెళ్ళండి' అని బోర్డు రాయించాం. పెయింటరు రెండుసార్లు చదివి, 'ఇది తప్పేమో మేష్టారూ' అన్నాడు.

బందరు రోడ్డు ఈ పనికి పనికిరాదు. ఉయ్యూరు, పామర్రు దాకా డెల్టా అంతా అరచెయ్యిలా చదును. ఒకటే గేరు, ఒకటే మోత. కొత్త ఇంజనుకు ఒకే వేగం కూడదు. లాగాలి, వదలాలి, మళ్ళీ లాగాలి. అందుకని నున్న మీదుగా ఆగిరిపల్లి, నూజివీడు దారి పట్టించారు. అక్కడ నేలకు ఎత్తుపల్లాలున్నాయి. మూడు టన్నుల ఇటుకలతో మొదలు. నలభై కిలోమీటర్ల వేగం దాటకుండా, గేర్లు మారుస్తూ, అన్నయ్య నడుపుతుంటే పక్కన నేను నోటుబుక్కుతో. వేడి ఎంత, ఆయిలు ప్రెషరు ఎంత, పొగ ఏ రంగు. తెలుగు లెక్చరరు చేతిరాతతో అన్నీ ఎక్కాయి. ఆదివారాలన్నీ అలా గడిచాయి. ఫిబ్రవరి 9 నుంచి 11 వరకూ మేరీమాత తిరునాళ్ళు; ఆ మూడురోజులూ గుణదల రోడ్డులో మనిషికే చోటు లేదు, లారీకెక్కడిది? యాత్రికులు మాత్రం లారీ ముందు నిలబడి ఫోటోలు తీసుకుపోయారు.

అయిదువందల కిలోమీటర్లకు ఆయిలు దింపారు. కాటుకలా ఉన్న ఆయిల్ని ఎండలో పళ్ళెంలో పోసి చూస్తే అడుగున వెండిపొడి తళతళ. రింగులు గోడను అరగదీసుకున్న ధూళి అది. అయస్కాంతం పెడితే కొంత అంటుకుంది. పెద్ద తునకలేమీ లేవు కనక మెకానిక్కు సంతోషించాడు. హెడ్డు బోల్టులు మళ్ళీ వరస ప్రకారం బిగించి, ట్యాపెట్ల సందు సరిచేశాడు. నీలిపొగ తగ్గుతూ వచ్చింది.

కాని ఒక వణుకు మిగిలింది. నలభై దగ్గరికి వచ్చేసరికి క్యాబిను మొత్తం జ్వరం వచ్చినట్టు వణికేది. మౌంటింగు రబ్బర్లు మార్చారు. చక్రాలు మార్చి చూశారు. షాఫ్టు కోసి అతికిన షాపుకు తీసుకెళ్తే, పాత బండి కదండీ, అంతేనని తేల్చేశారు. మార్చి వచ్చింది. వదిన చేతులకు గాజులు లేవు. వణుకుతూ నాలుగు టన్నులు మోస్తే ఎక్కడో ఏదో విరగక తప్పదని అన్నయ్యకు నిద్ర లేదు. ఇంజనునే తప్పుపట్టాడు, అమ్మేసి చిన్నది చూద్దామన్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్నగారు అడిగారు: "వణుకు గేరును బట్టి మారుతోందా, వేగాన్ని బట్టా?"

అన్నయ్యకు తెలియలేదు. నా నోటుబుక్కు చూశాం. మూడో గేరులోనూ నలభై దగ్గరే, నాలుగో గేరులోనూ నలభై దగ్గరే.

"క్లచ్చి తొక్కి న్యూట్రలు చేస్తే?"

మర్నాడు చేసి చూశాం. ఇంజను చప్పుడు దిగిపోయింది, బండి నలభైలో దొర్లుతోంది, వణుకు వణుకే. అంటే తప్పు ఇంజనుది కాదు. చక్రాలు మార్చి చూశాం కనక వాటిదీ కాదు. మధ్యలో తిరిగేది షాఫ్టు.

ఆయన మంచం దిగారు. కర్ర పట్టుకుని దొడ్లోకి వచ్చి, లారీ కింద కొబ్బరిచాప పరిపించుకుని పడుకున్నారు. అమ్మ కేకలేస్తూనే ఉంది. టార్చిలైటు వేయించుకుని షాఫ్టును చేత్తో తడిమి, "బాణం గుర్తులు చూశారా?" అన్నారు.

ఎవరూ చూడలేదు. షాఫ్టు రెండు ముక్కలు ఒకదాంట్లో ఒకటి దూరే పళ్ళ దగ్గర రెంటి మీదా చెక్కిన చిన్న బాణాలుంటాయి. అవి ఎదురెదురుగా రావాలి. అప్పుడే రెండు కొసల్లోని క్రాసులూ ఒకే తీరులో ఉంటాయి. ఏటవాలుగా తిరిగే క్రాసు ఒక చుట్టులోనే కాస్త ముందుకు ఉరుకుతుంది, కాస్త వెనక్కి తగ్గుతుంది. ఒక కొస చేసిన తప్పును రెండో కొస సరిగ్గా దిద్దుతుంది. ఒక్క పన్ను పక్కకు పడితే దిద్దుబాటు తప్పి రెండు తప్పులూ కలుస్తాయి. మా దానికి ఒక్క పన్నే తేడా. ముప్పావుగంటలో సరిచేశారు.

మెకానిక్కు ఆయన చేతులకు కిరోసిను అందిస్తూ, "ఇది మాకు తట్టలేదు బాబాయిగారూ" అన్నాడు.

"కొత్త ఇంజను మీకు తెలుసు. ఈ ఒళ్ళు నాకు తెలుసు" అన్నారాయన, చేతులు తుడుచుకుంటూ.

ఆ సాయంత్రం ఆయన క్లీనరు సీట్లో ఎక్కారు. ఇద్దరం పట్టుకుంటే గాని ఎక్కలేకపోయారు. నున్న దాకా వెళ్ళి వచ్చాం. నలభై, నలభై అయిదు. అద్దంలో నా ముఖం కదలకుండా నిలిచింది. నాన్నగారు కిటికీ మీద చెయ్యి వేసుకుని వింటూ కూర్చున్నారు. "మోత వేరు" అన్నారు ఒకసారి. కాసేపటికి, "లాగుతోంది" అన్నారు. అన్నయ్య స్టీరింగు మీదినుంచి కళ్ళు తిప్పలేదు గాని ముక్కు ఎగబీల్చడం వినబడింది.

అన్నయ్యకు ఇంకో సరదా ఉండేది. దీన్ని వింటేజి బండిగా నమోదు చేయించి ప్రత్యేకమైన నంబరు ప్లేటు తగిలించాలని. 2021లో కేంద్రప్రభుత్వం ఆ నియమాలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటాలి, సొంత వాడకానికి ఉండాలి, ఇంజనులో గాని చాసిస్‌లో గాని పెద్ద మార్పు చెయ్యకుండా అసలు రూపంతో ఉండాలి. మాది ఇటుకలు మోస్తుంది, ఇంజను మారింది. నాన్నగారన్న మాటనే చట్టం కాస్త మర్యాదగా చెప్పిందన్నమాట. ఏటా ఫిట్‌నెసు చేయించుకుంటూ తిరగడమే దాని రాత.

మామిడి లోడ్లు మొదలయ్యాయి. గాజులు రెండు విడిపించాం, ఇంకో రెండు ఉన్నాయి. స్పీడోమీటరు కేబులు దొరకనే లేదు. సెల్‌ఫోనులో చూసి నడుపుతున్నారు. బోర్డు తీసెయ్యమంటే అన్నయ్య వినడం లేదు.

పాత ఇంజను వేపచెట్టు కిందే ఉంది. పాతసామాన్లవాడు రెండుసార్లు వచ్చి తూకానికి బేరమాడి వెళ్ళాడు. అది అమ్మితే వడ్డీ అన్నా తీరుతుందని వదిన అంటుంది. ఆవిడ మాటలోనూ అబద్ధం లేదు. నాన్నగారు మాత్రం నెలకోసారి ఇంజెక్టరు కన్నాల్లో ఇంత ఆయిలు పోయించి, రాడ్డు పెట్టి నా చేత రెండు చుట్లు తిప్పిస్తారు.

"ఎందుకు నాన్నా, బ్లాకు చిట్లిందిగా?" అంటే, "తిప్పకపోతే పట్టేస్తుందిరా" అంటారు.