పైన షెవ్రోలే... లోపల ఎవరెవరో!

హవానా అని ఫోన్లో కొట్టి చూడండి. వచ్చే బొమ్మ ఒకటే. సముద్రం ఒడ్డు, గులాబీ రంగు ఓపెన్ టాప్ కారు, అందులో టోపీ పెట్టుకున్న టూరిస్టు. ‘ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్’ ఎనిమిదో సినిమాకి మొదటి రేసు తీసింది కూడా క్యూబా రాజధాని అయిన ఈ ఊళ్లోనే. కాపిటోలియో భవనం దగ్గర ఆ కార్లన్నీ పెళ్లి ఊరేగింపుకి వచ్చినట్టు తళతళలాడుతూ వరసగా నిలబడి ఉంటాయి. ఎక్కండి, ఫొటో దిగండి, తప్పేం లేదు. కాకపోతే వాటిలో కొన్ని పుట్టుకతో ఓపెన్ టాప్ కావు. టూరిస్టుల కోసం కప్పు కోసేసినవి.

నన్నడిగితే అసలు సినిమా ఆ పక్కనే ఫ్రాటెర్నిదాద్ పార్కు దగ్గర నడుస్తుంది. అది అచ్చం మన షేర్ ఆటో స్టాండు. 1950ల నాటి అమెరికన్ కార్లు వస్తాయి, జనం ఎక్కుతారు, నిండగానే కదులుతాయి. వీటిని ‘అల్మెండ్రోన్’ అంటారు. పెద్ద బాదం అని అర్థం. ఆ ఉబ్బిన ఆకారం చూస్తే పేరెందుకొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. నడిపేవాళ్లని ‘బొతేరో’ అంటారు, అంటే పడవవాడు. రూటు ఫిక్స్. దారిలో ఎక్కాలంటే చేత్తో సైగ చెయ్యాలి. ఎటు వెళ్లాలో దాన్నిబట్టి వేళ్లు ఎటు చూపించాలో కూడా ఒక పద్ధతుంది. నేను గాల్లో ఏదో గీస్తుంటే పక్కనున్న పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని సరిచేసింది.

ఇంకో రూలు, అన్నిటికంటే ముఖ్యమైనది. తలుపు గట్టిగా వేస్తే అయిపోయారు! డ్రైవర్ వెనక్కి తిరిగి చూసే చూపు చాలు. డెబ్భై ఏళ్ల కీళ్లు కదా మరి.

ఈ గుంపులో నా కళ్లు పడింది మాత్రం స్టేషన్ వ్యాగన్ల మీద. డిక్కీ బదులు కప్పు వెనక చివరిదాకా సాగిన కార్లివి. ఎర్టిగాకి తాతయ్య అనుకోండి. 1953లో షెవ్రోలే ‘టౌన్స్‌మన్’ అనే వ్యాగన్‌ని ఎనిమిదిమంది కూర్చునేలా మూడు వరసల సీట్లతో అమ్మింది. అమెరికాలో అది పిల్లల్ని పిక్నిక్‌కి తీసుకెళ్లే బండి. హవానాలో? ఒక సీటు ఎక్కువ అంటే ఒక చార్జీ ఎక్కువ. అందుకే పైకప్పు కోసిన కారు టూరిస్టులకైతే, సాగిన కప్పున్న కారు ఊరికి.

నేనెక్కింది కూడా ఒక 53 మోడల్ షెవ్రోలే వ్యాగనే. ఆకాశం రంగు, ముందు పళ్లు ఇకిలించినట్టు క్రోమ్ గ్రిల్లు. సెల్ఫ్ కొట్టగానే మాత్రం డగడగడగ అని మన ఊళ్లో పాత డీసీఎం స్టార్టయినట్టే! వెదాదో వచ్చేసరికి బండిలో నేనొక్కణ్నే మిగిలాను. ఫోన్లో ట్రాన్స్‌లేటర్ తెరిచి, “ఇంజిన్ చూపిస్తారా?” అని అడిగాను. డ్రైవరన్న (మనసులో ఆ పేరు పెట్టేశాను, అరవై దాటిన మనిషి) నవ్వి, దిగి, బానెట్ ఎత్తారు.

లోపల షెవ్రోలే లేదు. హ్యుందాయ్ వ్యాన్ డీజిల్ ఇంజిన్ ఉంది. గేర్‌బాక్సు దానిదే. డైనమో తీసేసి లాడా కారు ఆల్టర్నేటర్ పెట్టారు. మీటర్లు కూడా లాడావే. స్పీడోమీటర్ ముల్లు సున్నా దగ్గర కునుకు తీస్తోంది. వెనక యాక్సిల్ రష్యన్ వోల్గాది. అమెరికా బాడీ, కొరియా గుండె, రష్యా నడుము. మన అమ్మమ్మల చేతి బొంతలో పాత చీరలన్నీ కనిపించినట్టు, క్యూబా చరిత్ర మొత్తం ఆ బానెట్ కింద కనిపిస్తుంది.

1959లో విప్లవం వచ్చింది. 1962కల్లా అమెరికా వ్యాపారం దాదాపు పూర్తిగా ఆపేసింది. అంటే కొత్త కార్లే కాదు, ఉన్నవాటికి స్పేర్లూ బంద్. తర్వాత సోవియట్ నుంచి లాడాలు, వోల్గాలు, మోస్క్విచ్‌లు వచ్చాయి. 1991లో సోవియట్ కూలిపోయాక పెట్రోలే కరువైంది. జనం సైకిళ్లెక్కారు. షెవ్రోలే అసలు ఇంజిన్ ఆరు సిలిండర్లు, దాదాపు 3.9 లీటర్లు. దానికి పెట్రోలు పోయడం అంటే చిల్లుకుండలో నీళ్లు పోయడమే. టాక్సీకి అది గిట్టుబాటు కాదు. చిన్న డీజిల్ ఇంజిన్ల మోజు అందుకే పెరిగింది.

పాత ఇంజిన్ తీసి కొత్తది పెట్టడమేగా అనుకుంటాం. అంత తేలిక కాదు. 53 షెవ్రోలేలో ప్రొపెల్లర్ షాఫ్ట్ బయటికి కనపడదు. ఒక లావుపాటి గొట్టం లోపల తిరుగుతుంది. దాన్ని టార్క్ ట్యూబ్ అంటారు. చక్రాలు బండిని ముందుకు తోసే బలమంతా ఆ గొట్టం గుండానే వస్తుంది. వ్యాన్ గేర్‌బాక్సుకి ఆ గొట్టం అతకదు. గొట్టం తీసేస్తే షెవ్రోలే యాక్సిల్ పనికిరాదు. అందుకే వోల్గా యాక్సిల్. ఇప్పుడు ఆ తోపు అంతా కమాన్ కట్టలు మొయ్యాలి, కాబట్టి వాటినీ గట్టిచెయ్యాలి. షాఫ్ట్‌ని కొలతకి కోసి వెల్డింగ్ చేసి, వంకర లేకుండా లేత్ మీద సరిచూడాలి. లేకపోతే స్పీడు పెరిగేకొద్దీ బండి వణుకుతుంది. పైగా ఆ కాలం షెవ్రోలే కరెంటు 6 వోల్టులు, వ్యాన్‌ది 12. బల్బుల దగ్గర్నుంచి అన్నీ చూసుకోవాలి. అంటే ఒక్క ఇంజిన్ మార్చాలని మొదలుపెడితే ముందు లైటు నుంచి వెనక చక్రం దాకా పని పడుతుంది.

వ్యాగన్‌కి ఇంకో తలనొప్పి ఉంది. డీజిల్ అదురుకి అంత పొడుగు కప్పూ రేకు డబ్బాలా మోగుతుంది. వెనక తలుపు రెండు ముక్కలు. అద్దం పైకి, రేకు కిందికి తెరుచుకుంటాయి. ఈయన బండిలో రెంటి మధ్యా సైకిల్ ట్యూబు ముక్కలు దూర్చారు. మోత తగ్గింది. ఆగింది అనను.

కొన్న మనిషి ఇన్ని మార్చే బదులు వేరే బండి కొనుక్కోవచ్చు కదా? నేనూ అదే అడిగాను. ఆయన బానెట్ మీద అరచేత్తో తట్టి, “కాగితాలు దీనివి” అన్నారు. అసలు సంగతి అక్కడుంది. 2011 వరకూ క్యూబాలో సామాన్యుడు స్వేచ్ఛగా అమ్ముకోగలిగింది, కొనుక్కోగలిగింది విప్లవానికి ముందునాటి కార్లే. 2014లో ప్రభుత్వ షోరూముల్లో కొత్త కార్లు అందరికీ అమ్మడం మొదలుపెట్టారు. ప్యుజో 508 ధర సుమారు 2,62,000 డాలర్లు! అప్పట్లో ప్రభుత్వోద్యోగి నెల జీతం 20 డాలర్ల చుట్టూ ఉండేది. ఇక ఎవరు కొంటారు? కాబట్టి ఆ రేకు బాడీ అంటే ఇంటి పట్టా లాంటిది. లోపలికి ఎవరొచ్చి అద్దెకున్నా పట్టా మారదు. ఈయనకి ఆ పట్టా నాన్న దగ్గర్నుంచి వచ్చింది. ఇంట్లో పొయ్యి వెలిగేది దానిమీదే.

అమెరికాలో పాత కార్లు సేకరించేవాళ్లు ఇంజిన్ నంబర్ కూడా ఫ్యాక్టరీదే అయ్యుండాలంటారు. అలాంటివాళ్లు ఈ వ్యాగన్‌ని చూస్తే ముక్కు విరుస్తారు. వాళ్ల లెక్క వాళ్లది. అద్దాల గదిలో ఉన్న కారుకి ‘ఒరిజినల్’ ముఖ్యం, రేపు పొద్దున ఏడింటికి స్టాండులో ఉండాల్సిన కారుకి కాదు. మనం మాత్రం? 1990ల్లో అంబాసిడర్‌లో ఇసుజు ఇంజిన్ పెట్టి అమ్మితే ‘అబ్బ, పికప్పు!’ అని మురిసిపోయాం కదా. కాకపోతే అది కంపెనీ చేసిన పని. ఇక్కడ చేసింది వీధి చివర షెడ్డులో ఒక వెల్డరూ, ఒక లేత్ మేస్త్రీ.

ఇప్పుడు వాళ్లకి కొత్త కష్టం మొదలైంది. 2024 మార్చిలో రెగ్యులర్ పెట్రోలు లీటరు 25 పెసోల నుంచి 132కి ఎగిరింది. ధర పెట్టినా బంకులో స్టాకుంటుందన్న నమ్మకం లేదు. ఈలోగా వీధుల్లోకి ఎలక్ట్రిక్ మూడు చక్రాల బళ్లు దిగాయి. అచ్చం మన ఈ-ఆటోలే. చప్పుడుండదు, బంకు దగ్గర క్యూ ఉండదు.

“బ్యాటరీ మోటార్ పెడితే?” అని ట్రాన్స్‌లేటర్‌లో కొట్టి చూపించాను. ఆయన నవ్వలేదు. వెనక తలుపు తెరిచి మూడో వరస సీటు కింద చూపించారు. కావలసినంత ఖాళీ ఉంది. “ఇక్కడ పడతాయి బ్యాటరీలు. కొలిచి చూశాను” అన్నారు. అంతలో రోడ్డు అవతల ఎవరో చెయ్యెత్తి సైగ చేస్తే, బానెట్ దించి, స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయారు.